దొంగ ఎవరో తేల్చేదెవరు?

(బాలాపూర్‌లో చదివిన స్మారకోపన్యాస పాఠం)



తన పేరు మీద సభలు పెట్టొద్దని సార్ చెప్పి పోయారు. మనం వినలేదు, సభ పెట్టాం. పేరైనా పలక్కుండా ఉండి ఆయన మాట సగమైనా నిలబెడదాం. ఈ చుట్టుపక్కల సోషల్ సార్ అంటే ఎవరో ఇక్కడ కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

సార్ ఇంట్లో ఒక ఇనప అల్మారా ఉండేది. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన కౌబాయ్ నవలలు దాన్నిండా. జేన్ గ్రే, మాక్స్ బ్రాండ్, లూయీ లామూర్. మన దేశంలో ఎందుకో తెగ చదివిన 'సడెన్' పుస్తకాలు కూడా ఉండేవి. వాటిని రాసిన ఆలివర్ స్ట్రేంజ్ అమెరికావాడు కాదు, ఇంగ్లండ్ మనిషి. ఆ వరసలోనే అట్ట ఊడిపోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవల 'మాలపల్లి' ఉండేది. పాఠం చెప్పే పుస్తకాలకు వేరే అర ఉంది, మాలపల్లిని అక్కడ పెట్టేవారు కాదు. గుర్రాల బొమ్మల మధ్యనే పెట్టేవారు. పుస్తకాల సర్దుబాటులో సార్ నిర్లక్ష్యం చేసే మనిషి కాదు గనక, ఆ పొరుగుకు ఏదో కారణం ఉంటుందని నేను నమ్ముతాను. ఈ ఉపన్యాసం ఆ కారణం గురించి నా ఊహ.

ముందుగా కృష్ణగారి సంగతి తేల్చుకుని ముందుకు పోదాం. తెలుగువాడికి కౌబాయ్ అంటే కృష్ణ. 1971లో పద్మాలయా వాళ్లు తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చేదాకా ఆ టోపీ, ఆ బూట్లు మన తెరకు తెలియవు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. రచన ఆరుద్ర. రాజస్థాన్ ఎడారికి పోయి తీశారు. 'త్వమేవాహం' రాసిన ఆరుద్ర గుర్రపు డెక్కల సినిమా రాయడమేమిటని ముక్కు విరిచినవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో వింత లేదు. ఆయనకు అపరాధ పరిశోధన కథలన్నా చదరంగమన్నా సమానమైన ఇష్టం. వింత ఇంకోచోట ఉంది. ఆ సినిమాకు ప్రాణం పోసింది అమెరికా నవల కాదు, ఇటలీ సినిమా. సెర్జియో లియోనీ అమెరికా కౌబాయ్‌ని తీసుకుని, వాడి మంచితనాన్ని వదిలించి, చుట్ట నోట్లో పెట్టి నిలబెట్టాడు. మనకు చేరింది ఆ రెండో చేతి సరుకు. దాంతో ఒక ముఖ్యమైన వస్తువు దారిలో జారిపోయింది. అమెరికా నవలల్లో తగాదా ఎప్పుడూ నేల గురించి, నీళ్ల గురించి, పశువుల మేత గురించి. మన సినిమాలో తగాదా నిధి గురించి. 1990లో 'కొదమ సింహం' వచ్చినా, 2002లో 'టక్కరి దొంగ' వచ్చినా మళ్లీ నిధి వేటే. నిధికి ధర్మశాస్త్రం అవసరం లేదు, దొరికినవాడిది. నేల అలా కాదు. నేల మీద ఎవడి పేరు రాసి ఉంది, ఎవడు రాశాడు, ఎవడు దున్నుతున్నాడు అన్న ప్రశ్నలు వెంటనే లేస్తాయి.

బాలాపూర్‌లో కూర్చున్న మీకు ఆ ప్రశ్నల గురించి నేను చెప్పడం హాస్యాస్పదం. ఇక్కడి వినాయకుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైనప్పుడు, పాడుకున్నాయన దాన్ని తీసుకెళ్లి పొలంలో చల్లాడని చెప్తారు. 2024లో అదే లడ్డూ 30 లక్షలు దాటింది; చల్లడానికి పొలాలే మిగల్లేదు. కడీలు పాతి ముళ్లతీగ చుట్టిన ప్లాట్లు, ఈ స్థలం ఫలానావారిదని, అడుగు పెడితే కేసులు పెడతామని బోర్డులు, చెరువు శిఖం భూమా పట్టా భూమా అని కోర్టుల చుట్టూ తిరిగే ఫైళ్లు. 'కబ్జా' అన్న మాట పలకని రోజు ఈ ప్రాంతంలో ఉండదు. కౌబాయ్ నవల అర్థం కావాలంటే గుర్రం ఎక్కడం రానక్కర్లేదు. ముళ్లతీగ అంటే ఏమిటో తెలిస్తే చాలు.

నిజంగానే ఆ కథంతా ముళ్లతీగ కథ. అమెరికా పడమటి మైదానాల్లో సర్కారు నేల మీద ఎవరి పశువులైనా మేసే కాలం ఒకటి ఉండేది. 1862 చట్టం ప్రకారం అయిదేళ్లు ఉండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు సొంతం. పెద్ద పశువుల ఆసాములకు ఈ చిన్న రైతు కంట్లో నలుసు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంటు పొందాడు. పదేళ్లు తిరక్కుండా మైదానాలకు కంచెలు పడ్డాయి. 1886-87 చలికాలంలో మంచు కింద పశువులు లక్షల్లో చచ్చాయి. పెద్ద ఆసాముల వ్యాపారం కుదేలైంది. అప్పటిదాకా చూసీ చూడనట్టు వదిలేసిన దూడల దొంగతనాలు ఒక్కసారిగా మహాపరాధాలయ్యాయి. ముద్ర వేయని దూడ ఎవరిది? వ్యోమింగ్‌లో 1884లోనే చట్టం చేసుకున్నారు. అలాంటి దూడలన్నీ ఆసాముల సంఘం ద్వారానే వేలం కావాలి. చిన్నరైతు తన పెరట్లో ఈనిన దూడకు తన ముద్ర వేసుకున్నా, సంఘం దృష్టిలో దొంగ కావచ్చు.

1892 ఏప్రిల్‌లో ఆ సంఘం వాళ్లు టెక్సస్ నుంచి తుపాకులవాళ్లను కిరాయికి తెచ్చి, పేర్ల జాబితా జేబులో పెట్టుకుని, జాన్సన్ కౌంటీ మీదికి దండెత్తారు. నేట్ చాంపియన్ అనే చిన్న ఆసామి కొట్టం చుట్టుముట్టి, నిప్పంటించి, బయటికి పరిగెత్తుతున్నవాణ్ణి కాల్చి చంపారు. ఊళ్లవాళ్లు తిరగబడి దండును చుట్టుముడితే, అధ్యక్షుడు హారిసన్ పంపిన సైన్యం వచ్చి ఆ హంతకులను కాపాడింది. మరుసటి ఏడు కేసు కొట్టేశారు. ఒక్కరికీ శిక్ష పడలేదు.

పదేళ్ల తర్వాత, 1902లో, 'ది వర్జీనియన్' వచ్చింది. రాసింది ఫిలడెల్ఫియా సంపన్న కుటుంబపు ఓవెన్ విస్టర్. హార్వర్డ్‌లో సంగీతం చదివినవాడు, థియోడర్ రూజ్‌వెల్ట్‌కు స్నేహితుడు. పుస్తకాన్ని ఆయనకే అంకితం చేశాడు. తర్వాత వచ్చిన కౌబాయ్ నవలలన్నిటికీ మూలవిరాట్టు ఇదే. కథానాయకుడికి పేరుండదు. ఆడవాళ్ల ముందు సిగ్గు, మగవాళ్ల ముందు జంకు లేదు. మాట తక్కువ, చెప్పిన మాట తప్పడు. తూర్పు నుంచి వచ్చిన పంతులమ్మ మాలీ వుడ్‌ను ప్రేమిస్తాడు. ట్రాంపస్ అనే దుర్మార్గుడు పొద్దుగుంకేలోగా ఊరు విడిచిపొమ్మంటే పోడు. పెళ్లికి ముందురోజు సాయంత్రం వీధిలో తుపాకులు పేలతాయి. ఆ వీధి పోరాటాన్ని ఆ తర్వాత ఎన్ని వందల సినిమాలు కాపీ కొట్టాయో ఎవరూ లెక్కపెట్టలేరు.

అందరికీ గుర్తుండేది ఆ వీధి. నన్ను వెంటాడేది ఆ నవల మధ్యలో ఉన్న ఒక ఉరి. కథానాయకుడికి స్టీవ్ అని ప్రాణస్నేహితుడు. అతను దూడల దొంగలతో కలుస్తాడు. ఆసామి జడ్జి హెన్రీ దగ్గర ఫోర్‌మన్‌గా ఉన్న మన నాయకుడే దొంగలను పట్టే గుంపుకు పెద్ద. స్నేహితుణ్ణి చెట్టుకు ఉరి తీయిస్తాడు. చచ్చేముందు స్టీవ్ అతనితో మాట్లాడడు. తర్వాత నాయకుడు కుమిలిపోతాడు, నిద్రలో ఏడుస్తాడు. అయినా తాను చేసింది తప్పని అనడు. ఇంతవరకూ గొప్ప రచన. స్నేహమా, కర్తవ్యమా అనే చిక్కు మన ఇతిహాసాల్లో లేనిదేం కాదు. కానీ విస్టర్ అక్కడ ఆగలేదు. మాలీకి ఈ ఉరి సంగతి తెలిసి మనసు విరిగితే, ఆమెకు నచ్చజెప్పడానికి జడ్జి హెన్రీని పంపుతాడు. ఆయన వాదన ఇదీ: దక్షిణాదిలో నల్లవాళ్లను సజీవంగా తగలబెట్టడం అనాగరికం, వ్యోమింగ్‌లో దొంగలను ఉరి తీయడం దానికి పూర్తిగా వేరు. కోర్టులు జనం పెట్టినవి. అవి పని చేయకపోతే, ఇచ్చిన అధికారాన్ని జనం వెనక్కి తీసుకోవచ్చు.

వాదన నున్నగా ఉంది. దాంట్లో ఒకే ఒక్క ప్రశ్న అడగరు. జనం అంటే ఎవరు? కోర్టులు పని చేయలేదని ఫిర్యాదు చేస్తున్నది ఎవరు? జాన్సన్ కౌంటీలో జ్యూరీలు దొంగలకు శిక్ష వేయలేదన్న మాట నిజమే. ఎందుకు వేయలేదు? జ్యూరీలో కూర్చున్నవాళ్లు చిన్న ఆసాములు. పెద్దవాళ్ల దృష్టిలో దొంగ అయినవాడు వాళ్ల దృష్టిలో పొరుగువాడు. అంటే కోర్టు తన పని తాను చేసింది, పెద్ద ఆసామికి నచ్చిన తీర్పు ఇవ్వలేదంతే. తనకు నచ్చని తీర్పు ఇచ్చిన కోర్టును కోర్టే కాదనడం ఆసామికి ఎక్కడైనా అలవాటే. విస్టర్ ఆ అలవాటుకు అందమైన ముఖం తొడిగాడు. నవల చివర మన నాయకుడు ఏమవుతాడో తెలుసా? అతని నేలలో బొగ్గు పడుతుంది, రైలు వస్తుంది, అతను ధనవంతుడవుతాడు. నీతికి వచ్చిన ప్రతిఫలమని విస్టర్ ఉద్దేశం. ఉరితాడు లాగినవాడి చేతికి గని రావడంలో నాకు ఇంకో అర్థం కనిపిస్తుంది. రచయిత ఒప్పుకోకపోయినా కథ ఒప్పుకుంది.

ఈ నవలకు జవాబు రావడానికి 38 ఏళ్లు పట్టింది. 1940లో వాల్టర్ వాన్ టిల్‌బర్గ్ క్లార్క్ 'ది ఆక్స్-బో ఇన్సిడెంట్' రాశాడు. అందులో గుంపు ముగ్గుర్ని ఉరి తీస్తుంది. తర్వాత తెలుస్తుంది, వాళ్లు నిర్దోషులని. విస్టర్ మర్యాదస్తుల గుంపు, క్లార్క్ మర్యాదస్తుల గుంపు ఒకే బట్టలు వేసుకుంటాయి.

జేన్ గ్రే దగ్గరికి వద్దాం. దంతవైద్యుడు. ఒహాయో రాష్ట్రంలో వాళ్ల ముత్తాతల పేరుతో వెలసిన జేన్స్‌విల్‌లో పుట్టాడు. పళ్లు పీకడం విసుగెత్తి నవలలు రాశాడు. శైలిలో విస్టర్‌కు సరిరాడు, వర్ణన ఎత్తుకుంటే కొండలూ లోయలూ పేజీలకు పేజీలు సాగుతాయి. అయినా 1912లో వచ్చిన 'రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్' విస్టర్ ఎత్తుకోని బరువు ఒకటి ఎత్తుకుంది. కథ 1871లో, యూటా సరిహద్దులో. జేన్ విథర్‌స్టీన్ అనే అవివాహిత, తండ్రి నుంచి వచ్చిన పశువులకూ నీటి ఊటకూ యజమానురాలు. ఊరికి నీళ్లు ఆమె ఊట నుంచే. ఆమె మోర్మన్ విశ్వాసి. మతపెద్ద టల్ ఆమెను పెళ్లాడి ఆ నీళ్లనూ నేలనూ చేతిలోకి తీసుకోవాలనుకుంటాడు. ఒప్పుకోకపోతే ఒక్కొక్క దెబ్బ. పశువుల మందలు మాయమవుతాయి, పనివాళ్లు మానేస్తారు, పెంచుకున్న పాప మాయమవుతుంది. లాసిటర్ అనే తుపాకీవీరుడు ఆమె పక్షాన నిలుస్తాడు. జేన్ మాత్రం చంపొద్దని, తుపాకులు తనకిచ్చేయమని అతన్ని బతిమాలుతూనే ఉంటుంది.

గ్రే మోర్మన్లకు అన్యాయం చేశాడు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఒక మతాన్ని మొత్తంగా విలన్ చేసి కూర్చోబెట్టాడు. అదలా ఉంచి జేన్‌ను చూడండి. విస్టర్ మాలీ వాదనలో ఓడిపోయి మొగుడి గెలుపుకు దేవుడికి దండం పెట్టుకుంటుంది. జేన్ ఓడిపోదు, గెలవదు. తన విశ్వాసం చేతే తన ఆస్తి పోతున్నదని ఆమెకు మెల్లమెల్లగా అర్థమవుతుంది. చిట్టచివర, తరుముకొస్తున్నవాళ్ల మీదికి కొండ అంచున ఊగిసలాడే బండను దొర్లించమని లాసిటర్‌కు చెప్పేది ఆమే. ఆ బండ పడి లోయ దారి మూసుకుపోతుంది. శత్రువులూ చచ్చారు, వీళ్లూ లోపల బందీలయ్యారు. హింస వద్దన్న మనిషి నోటితోనే హింస జరిపించి, ఆ తర్వాత ఆమెకు ప్రపంచంలోకి తిరిగి వచ్చే దారి లేకుండా చేశాడు గ్రే. అమ్ముడుపోయే నవలలు రాసే మనిషి ఇంత చేదు ముగింపు ఎందుకు పెట్టాడో నాకు అర్థం కాదు గానీ, పెట్టినందుకు ఆయనంటే గౌరవం.

క్లారెన్స్ మల్ఫర్డ్, బి.ఎం. బోవర్, మాక్స్ బ్రాండ్ వగైరాల జోలికి ఇప్పుడు పోను. ఒక్క బోవర్ గురించి మాత్రం చెప్పాలి. మగవాడని పాఠకులు అనుకున్న ఆ రచయిత బెర్తా మజీ అనే ఆడమనిషి.

ఈ నవలలన్నిట్లో ఒక పెద్ద ఖాళీ ఉంది. ఆసామీ చిన్నరైతూ కొట్టుకుంటున్న ఆ నేల అంతకుముందు ఎవరిది? విస్టర్ నవలలో ఇండియన్లు, అంటే అమెరికా ఆదివాసులు, కథానాయకుణ్ణి గాయపరచడానికి ఒక్కసారి వస్తారు, అది కూడా తెర వెనక. గాయం కనిపిస్తుంది, గాయపరచినవాడి ముఖం కనిపించదు. దొంగతనం గురించి అంత మథనపడిన నవలకు అసలు దొంగతనం కనిపించలేదు.

గ్రేకు కనిపించింది. కనిపించిన ఏడాది 1922. ఆ ఏడాది చివర్లో 'లేడీస్ హోమ్ జర్నల్' పత్రికలో 'ది వానిషింగ్ అమెరికన్' సీరియల్‌గా మొదలైంది. కథానాయకుడు నొఫాయి ఇండియన్. చిన్నప్పుడే తెల్లవాళ్లు ఎత్తుకుపోయి చదివించిన మనిషి. తిరిగి తనవాళ్ల దగ్గరికి వస్తే, మిషనరీలూ సర్కారు ఏజెంట్లూ కలిసి వాళ్ల నేలనూ నీళ్లనూ ఎలా మింగుతున్నారో చూస్తాడు. తెల్లపిల్ల మేరియన్ అతన్ని ప్రేమిస్తుంది. పత్రిక మీద ఉత్తరాల వాన కురిసింది. చర్చివాళ్లకు కోపం వచ్చింది. 1925లో పుస్తకంగా వేసేటప్పుడు ప్రచురణకర్తలు గ్రే చేత ముగింపు మార్పించారు. ఇండియన్, తెల్లపిల్ల ఒకటయ్యే కథ కాస్తా ఇండియన్ చచ్చిపోయే కథ అయింది. మొదటి ముగింపుతో పుస్తకం రావడానికి 1982 దాకా ఆగాల్సి వచ్చింది. గ్రే అప్పటికి పోయి 43 ఏళ్లు.

అదే 1922లో మన దగ్గర 'మాలపల్లి' అచ్చయింది. సార్ అల్మారాలో ఆ పొరుగు ఎందుకో ఇప్పుడు కొంత అర్థమై ఉంటుంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ డబ్లిన్‌లో చదివిన బారిస్టరు. ఆ నవలను జైల్లో కూర్చుని రాశాడు. జైలుకు ఎందుకు పోయాడన్నది మన ఈనాటి విషయానికి సూటిగా తగులుతుంది. పల్నాడులో పశువులను అడవిలో మేపుకుంటే సర్కారు పుల్లరి వసూలు చేసేది. మేతకు పన్ను. కట్టెలకు పన్ను. కట్టనివాడి పశువులను బందెలదొడ్లో పెట్టేవారు. సహాయ నిరాకరణ రోజుల్లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఆ ఉద్యమం సంగతులు చూడబోయిన కాంగ్రెసు నాయకుల్లో ఉన్నవ ఒకడు, అలా జైలు పాలయ్యాడు. పశువుల మేత, అడవి హక్కు, తుపాకీ. వ్యోమింగ్‌కూ పల్నాడుకూ దూరం ఎంతైనా, తగాదా ఒకటే. ఒక్క తేడా ఉంది, నా మాటంతా ఆ తేడా గురించే. వ్యోమింగ్ నవల చట్టం చేరని చోట జరుగుతుంది, కనీసం అలా చెప్పుకుంటుంది. పల్నాడులో చట్టం లేకపోవడం కాదు బాధ. చట్టం ఉంది, రసీదు పుస్తకం పట్టుకుని, తుపాకీతో ఇంటి ముందుకు వచ్చింది.

అందుకే ఉన్నవ కౌబాయ్‌ని రాయలేడు. ఒంటరి వీరుడు వచ్చి చట్టం లేని చోట న్యాయం నిలబెట్టి పోవడానికి, ఇక్కడ ఖాళీ జాగా లేదు. మంగళాపురం మాలపల్లిలో రామదాసు భక్తుడు. ఇద్దరు కొడుకులు. సంగదాసు కూలీలను కూడగట్టి కూలి కోసం సమ్మె చేయిస్తాడు, ఆసామి చౌదరయ్య చేతిలో చస్తాడు. చంపినవాడికి శిక్ష పడదు. రెండోవాడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడు అనే పేరు పెట్టుకుని దళం కడతాడు. ధర్మకన్నాలు వేసి ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెడతాడు. సడెన్ పుస్తకాలు చదివిన కుర్రవాడు ఇక్కడికి వచ్చేసరికి లేచి కూర్చుంటాడు. దొంగ అని ముద్ర పడిన మంచివాడు, ఇదే కదా సరుకు! కానీ ఉన్నవ ఆ కుర్రవాణ్ణి నిరాశపరుస్తాడు. జగ్గడు పట్టుబడతాడు, జైల్లో చస్తాడు. వీధిలో సూర్యాస్తమయపు పోరాటం లేదు. పైగా కొడుకు చేసిన పనికి కుటుంబమంతా మూల్యం చెల్లిస్తుంది. రామదాసు ఇంటిల్లిపాదినీ నేరస్తుల సెటిల్‌మెంటుకు తోలతారు.

ఈ సెటిల్‌మెంటు ఉన్నవ కల్పన కాదు. 1871 నుంచి ఉన్న నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. 1913 ప్రాంతంలో బాపట్ల పక్కన సాల్వేషన్ ఆర్మీ చేతికి ఎరుకల వాళ్లను అప్పగించి ఊరు కట్టారు. స్టూవర్టుపురం అదే, మద్రాసు ప్రభుత్వంలోని స్టూవర్టు దొర పేరుతో. హాజరు పట్టీ, వేలిముద్రలు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. కౌబాయ్ నవలలో ముద్ర దూడకు వేస్తారు, ఆ ముద్ర ఎవరిదన్నదాని మీద మనుషులు చస్తారు. ఇక్కడ పుట్టకముందే మనిషికి వేశారు. స్టూవర్టుపురం అనగానే నవలలూ సినిమాలూ ఎగబడి దొంగల కథలే చెప్పాయి గానీ, ఎవరు దొంగలను చేశారన్న కథకు అంత గిరాకీ లేకపోయింది. 1952 దాకా దేశంలో ఆ చట్టపు జాడ పూర్తిగా పోలేదు.

మాలపల్లిని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్ని భాగాలు తీసేశాక వదిలింది. 1936లో మళ్లీ నిషేధం. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ అది పోలేదు. అక్కడ గ్రే నవలను సరిదిద్దింది ప్రచురణకర్త, పాఠకులు తిడతారని. ఇక్కడ సర్కారు, జనం చదువుతారని. ఆ రెండు భయాల్లో ఏది పెద్దదో మీరే తేల్చుకోండి. పరాయి ప్రభుత్వం ఆపింది కాబట్టి మన పుస్తకం గొప్పదని అనను. మాలపల్లిలో ఉపన్యాసాలు ఎక్కువ. కొన్నిచోట్ల కథ చెప్పడం మానేసి బారిస్టరు వాదన మొదలుపెడతాడు. జగ్గడి విషయంలో మాత్రం ఆయన మనసు ఊగిసలాడుతూనే ఉంటుంది. దోపిడీని సమర్థించాలని ఉంది, గాంధీ అడ్డం వస్తాడు. ఖండించాలని ఉంది, చౌదరయ్య గుర్తొస్తాడు. ఈ ఊగిసలాటే నవలకు ప్రాణం. విస్టర్ జడ్జి హెన్రీకి అది లేదు.

మన జానపదులకు ఇంకా ఎక్కువ ధైర్యం. సర్వాయి పాపడు 1708లో వరంగల్లు కొట్టాడు, 1710లో చచ్చాడు. గీత కార్మికుల కులంలో పుట్టి కోట కట్టుకున్నవాడు. అతని కథాగేయాన్ని 1874లోనే బాయిల్ అనే దొర అచ్చులో పెట్టాడు. మొఘలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాసినదాని ప్రకారం పాపడు తొలి దోపిడీ తన సొంత తోబుట్టువు ఇంట్లోనే చేశాడు. వరంగల్లులో వేలమందిని పట్టుకుపోయాడు. ఇవాళ విగ్రహాల కింద ఈ ముక్కలు రాయం. రాబిన్‌హుడ్ అని పిలుచుకోవడానికి మనకూ విస్టర్ లాంటి ఇస్త్రీ కావాలి. పాలమూరు పండుగ సాయన్న పాటలు విన్నా ఇదే అనుమానం వస్తుంది. పాటలో అతను దేవుడు. దొరల కాగితాల్లో దొంగ. ఆ కాగితం నమ్మను, పాటను కూడా పూర్తిగా నమ్మను. నమ్మకపోయినా పాట ఎవరు కట్టారన్నది చూస్తాను. ఆ కాగితం రాయలేనివాళ్లు కట్టారు.

కౌబాయ్ కథల్లో ఒక్కటే చదవగలమంటే ఏది చదవాలని సార్‌ను అడిగినవాళ్లు ఉన్నారు. ఆయన వర్జీనియన్ పేరు చెప్పలేదు. 1926లో యూజీన్ మాన్‌లవ్ రోడ్స్ రాసిన 'పాసో పొర్ ఆకీ' అనే పొడుగు కథ చెప్పేవారు. రోడ్స్ న్యూమెక్సికోలో నిజంగా పశువులు కాసినవాడు. రాస్ మెక్‌ఎవెన్ ఒక దుకాణం దోచి పారిపోతుంటాడు. వెనక మనుషులు తరుముతున్నారు. గుర్రం పోగొట్టుకుని, ఒకచోట కోడె మీదెక్కి సాగుతాడు. దారిలో ఒంటరి కొంప. లోపల ఒక మెక్సికన్ కుటుంబం, అందరికీ గొంతు వాపు జబ్బు, డిప్తీరియా. తప్పుకుని పోతే బతికిపోతాడు. పోడు. నిప్పుల మంటతో సాయం కోసం సైగ పెట్టి, రాత్రింబవళ్లు వాళ్లకు సేవ చేస్తాడు. సాయానికి వచ్చిన పోలీసు అధికారి పాట్ గారెట్ ఇతనెవరో కనిపెట్టీ కనిపెట్టనట్టు నటించి, తానే తోడుండి రైలు దాకా సాగనంపుతాడు. తుపాకీ పేలదు. ఆస్తి దోచినవాడికీ ప్రాణం నిలిపినవాడికీ ఒకే శరీరం ఉంటే చట్టం ఏ సగాన్ని పట్టుకోవాలన్న ప్రశ్నను, పశువుల కాపరిగా బతికిన ఆ రచయిత ఇలా అడిగాడు. అడిగిన తీరులో దయ ఉంది. విస్టర్‌కు హార్వర్డ్ నేర్పనిది అదే అనుకుంటాను.

రోడ్స్ కూడా ఒంటరి మనిషి దగ్గరే ఆగాడు, గారెట్ మంచివాడు కాబట్టి మెక్‌ఎవెన్ బతికాడు. గారెట్ లేని ఊళ్లో ఏం చేయాలి? ఆ సమాధానం నాకు నవలల్లో దొరకలేదు. మన దగ్గరే దొరికింది.

పాలకుర్తిలో ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న నాలుగెకరాల మీద విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి కన్ను పడింది. పంట కోసుకుపోవడానికి మనుషులను పంపాడు. ఐలమ్మ దగ్గర తుపాకీ లేదు, దారిన పోతూ ఆగిన గుర్రపు వీరుడు లేడు. ఆమెకు సంఘం ఉంది. సంఘం వాళ్లు కర్రలతో నిలబడి, వచ్చినవాళ్లను తరిమి, పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. కేసులు పెట్టారు, జైళ్లలో పెట్టారు, అయినా ఆ భూమి దేశ్‌ముఖు చేతికి పోలేదు. ఆ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం ఎటు తిరిగిందో, ఎంత నెత్తురు పారిందో అందరికీ తెలుసు, దాని తప్పొప్పులు ఇంకో ఉపన్యాసం పట్టేంత పెద్దవి. నేను అనేది ఒక్కటే. దొంగ ఎవరో తేల్చే పనిని అక్కడ ఒక మనిషి మనస్సాక్షికి వదల్లేదు. దేశ్‌ముఖు పిలిచే 'జనం' కాదు, జడ్జి హెన్రీ చెప్పే 'జనం' కూడా కాదు. పొలం చేసేవాళ్లే కూర్చుని తేల్చారు.

1951 ఏప్రిల్‌లో ఇంకో ప్రయత్నం మనకు చాలా దగ్గరగా జరిగింది. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి నడిచివచ్చిన వినోబా భావే అక్కణ్ణుంచి తూర్పుకు నడిచాడు. 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఆసామి తనంతట తాను నేల ఇచ్చే సన్నివేశం విస్టర్ నుంచి గ్రే దాకా నేను చదివిన ఏ నవలలోనూ లేదు. అలాంటిది రాస్తే అమెరికా పాఠకుడు నమ్మడు. మన పాఠకుడు నమ్మాడు, ఎందుకంటే అది జరిగింది. తర్వాత భూదానపు భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో, ఈ జిల్లాలో వాటి మీద ఎన్ని కేసులు నడుస్తున్నాయో కూడా మన పాఠకుడికి తెలుసు. ఆ భూములకూ ఇప్పుడు కడీలు పాతి ముళ్లతీగ చుట్టారు.

నా సమయం అయిపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. ఒక విన్నపం ఉంది. సార్ అల్మారా పుస్తకాలు ఇప్పుడు గ్రంథాలయానికి వచ్చాయి గనక, వచ్చే నెల చదువరుల సమావేశంలో వర్జీనియన్‌లో జడ్జి హెన్రీ మాట్లాడే ఆ అధ్యాయాన్ని, మాలపల్లిలో జగ్గడి విచారణ భాగాన్ని వరసగా చదివి వాదించుకోండి. హెన్రీ పక్షాన మాట్లాడటానికి ఒక లాయరుగారు ఇప్పటికే ఒప్పుకున్నారు. ఆయన గెలుస్తారని నాకు భయంగానే ఉంది. కాబట్టి ఎదుటి పక్షానికి గట్టిగా తయారై రండి.